లిఫ్టు గోడ మీద కప్పలు

నా చిన్నప్పుడు కువైట్‌లో మేమున్న భవనం లిఫ్టుకు లోపలి తలుపు ఉండేది కాదు. ప్రతి అంతస్తులోనూ బయట ఒక ఇనుప తలుపు, దానికి నిలువుగా సన్నటి అద్దం, అంతే. లోపలికి వెళ్ళి బొత్తాం నొక్కాక మన ఎదురుగా ఉండేది గోడ. లిఫ్టు పైకి వెళుతుంటే ఆ గోడ ముక్కుకు ఎదురుగా కిందికి జారిపోతూ ఉండేది. బూడిదరంగు గోడ, ఒక తలుపు, మళ్ళీ గోడ. లిఫ్టు అంచుకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు. అప్పటి పాత భవనాల్లో చాలావాటికి అలాంటి లిఫ్టులే ఉండేవి. పెద్దవాళ్ళు అందులో నిలబడి తాపీగా పేపరు చూసుకునేవారు. నాకు మాత్రం ఆ గోడ ప్రాణమున్నదానిలా అనిపించేది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చి లిఫ్టులో ముందుకు నిలబడ్డాను. నా సంచీ పట్టీ జారి ఆ సందులో పడింది. లిఫ్టు పైకి లేస్తుంటే పట్టీ నన్ను కిందికి లాగడం మొదలుపెట్టింది. మోకాళ్ళ మీద పడ్డాను. వెనకాల నిలబడ్డ ఒక పెద్దాయన ఎర్ర బొత్తాం నొక్కి లిఫ్టు ఆపి, నా భుజం మీంచి సంచీ తప్పించాడు. పట్టీకి ఉన్న ఇనుప బకిలు అప్పడంలా నలిగిపోయింది. దాన్ని చూసి అందరూ దేవుడి దయ అన్నారు. నేను నా వేళ్ళు చూసుకున్నాను.

ఆ తర్వాత నేను లిఫ్టు ఎక్కలేదు. అమ్మ ఎత్తుకుని ఎక్కించబోతే గింజుకుని గోడ వైపే చేతులు విసిరాను. దాంతో అమ్మకే భయం పట్టుకుని మానేసింది. మేముండేది అయిదో అంతస్తు. మెట్ల దగ్గర దీపాలు వెలిగేవి కావు, నన్ను ఒంటరిగా పంపడానికి అమ్మకు ధైర్యం చాలేది కాదు. అందుకని రోజూ నాతోపాటు తనూ మెట్లు దిగేది, ఎక్కేది. అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నాయి. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి, గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకునేది. నేను పక్కన నిలబడి ఆ ఊపిరి వింటూ ఉండేదాన్ని.

చివరికి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఇక మెట్లు ఎక్కడానికి వీల్లేదని. నాన్న షుఐబాలో ఒక కర్మాగారంలో ఇంజినీరు. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేవాడు. ఆ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ నెమ్మదిగానే అన్నాడు.

"ఇట్లా కుదరదు. గురువారం మా ఆఫీసాయన భార్యాపిల్లలు విజయవాడ వెళుతున్నారు. దీన్ని వాళ్ళతో అమ్మమ్మ దగ్గరికి పంపేద్దాం. పురుడయ్యాక చూద్దాం."

నేను తలుపు వెనకే ఉన్నాను. పురుడు ఎప్పుడవుతుందో, 'చూద్దాం' అంటే ఏమిటో నాకు తెలియదు. పుట్టబోయే పిల్ల నా మంచం మీద పడుకుంటుందని, నేను లేకపోవడం వీళ్ళకు మెల్లగా అలవాటైపోతుందని మాత్రం తోచింది. పంపించవద్దని అడగాలంటే లిఫ్టు ఎక్కుతానని చెప్పాలి. అడగకుండానే పోయి పడుకున్నాను.

మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. కోనసీమ మనిషి. పెళ్ళయి కొత్తగా వచ్చింది. వాళ్ళాయన కూడా షుఐబాలోనే ఏదో కాంట్రాక్టులో పనిచేసేవాడు. కటకటాలకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు అక్కడినుంచి ఇంటికి తెచ్చేవాడు. అడుగున కాస్త ఆకుపచ్చ, కాస్త తెలుపు, కాస్త నలుపు. ఆ అక్క వాటితో కప్పల బొమ్మలు వేసేది. కప్ప తప్ప మరొకటి వేయగా నేను చూడలేదు. పాలపొడి డబ్బాల మీద కప్ప, ఏసీ చుట్టూ బిగించిన చెక్క మీద కప్ప, వంటింటి తలుపు వెనక కప్ప. ఏ ఒక్కటీ ఊరికే కూర్చుని ఉండేది కాదు. ఒకటి అరబ్బుల్లా తలకు గుత్రా చుట్టుకుని కారు నడిపేది. ఒకటి షర్క్ చేపల బజారులో రొయ్యలకు బేరమాడుతూ నడుం మీద చేతులు పెట్టుకునేది. ఇంకొకటి ఇఖామా కోసం, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు కోసం, వరసలో నిలబడి నోరంతా తెరిచి ఆవలించేది. స్కూలు నుంచి రాగానే కొత్త కప్ప ఏం చేస్తోందో చూడడానికి నేను వాళ్ళ తలుపు కొట్టేదాన్ని. కప్ప ఒక్కటే ఎందుకని అడిగితే, "మా ఊళ్ళో వానొస్తే మనుషుల మాట కప్పలు వినిపించనివ్వవే. ఇక్కడ వానా లేదు, అవీ లేవు. తోచక ఏత్తన్నా" అనేది.

నాన్న ఆ మాట అన్న మర్నాడు, బుధవారం మధ్యాహ్నం, అమ్మ భోజనం చేసి నడుం వాల్చింది. నేను అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్కకు సంగతి అప్పటికే తెలుసు.

"ఎల్లుండికి ఉండవంట కదే" అంది రంగు కలుపుతూ.

"రేపే."

"రేపా? మరి నా కప్పలకి వంకలు పెట్టేదెవరు?" అని కుంచె దులిపి, "నాకింక ఇంట్లో గోడల్లేవు. లిఫ్టు గోడ చూశాను, నున్నగా ఉంది. అక్కడ ఏసేద్దామనుకుంటన్నాను. డబ్బా పట్టుకునే మనిషి కావాలి" అంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"కళ్ళు మూసుకునే పట్టుకోవే. గోడ ఆగున్నప్పుడే కదా ఏసేది. బాగుందో లేదో చెప్పడానికి ఒక్కసారి తెరువు, చాలు."

ఇందులో ఉన్న ఉపాయం నాకు అప్పుడే తెలిసిందని ఇప్పుడు అనిపిస్తుంది. తెలిసే వెళ్ళాను. గురువారం మీద ఉన్న భయం లిఫ్టు మీది భయాన్ని కాస్త పక్కకు నెట్టింది. అక్క నన్ను లోపలి మూలకు చేర్చి కూర్చోబెట్టింది. వీపు లిఫ్టు వెనక రేకుకు ఆనించి, డబ్బా రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు బిగించుకున్నాను. ఇనుప తలుపు మూసుకున్న చప్పుడు. కాళ్ళ కింద నేల దిగింది. వెంటనే అక్క ఎర్ర బొత్తాం నొక్కింది. ఆగిపోయింది.

కుంచె గోడ మీద తిరుగుతున్న మెత్తటి చప్పుడు, ఆ రంగు ఘాటు వాసన, పైన బల్బు చుట్టూ ఒక ఈగ. చాలాసేపటికి అక్క పిలిస్తే కళ్ళు తెరిచాను. అయిదో అంతస్తు గడపకు కిందుగా, గోడ మీద ఒక కప్ప రెండు చేతులూ పైకెత్తి ఎవరో అందుకుంటారన్నట్టు చూస్తోంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అక్క లిఫ్టు కదిలించింది. నేను అరవబోయాను. గోడ పైకి జరిగింది, దానితో కప్ప కూడా. చేతులెత్తి అది పైకి ఎగిరిపోయింది. అరుపు నోట్లోనే ఆగింది. నాకెదురుగా కదిలిపోతున్నది గోడ అన్న సంగతి ఆ ఒక్క క్షణం నేను మరిచిపోయాను.

నాలుగో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య అక్క మళ్ళీ ఆపింది. రెండో కప్పకు తల, పొట్ట అయ్యాయి. కాళ్ళు పెట్టబోతుంటే బల్బు ఆరిపోయింది.

మా భవనం కాపలాదారుణ్ణి అందరూ హారిస్ అనేవారు. ఈజిప్టు పల్లెటూరి మనిషి. ఎండాకాలంలో మిద్దె మీద ఉన్న లిఫ్టు యంత్రం వేడెక్కి కాలిపోతుందని మధ్యాహ్నం నమాజు అయ్యాక దాన్ని కిందున్న స్విచ్చితో ఆపేసి, మళ్ళీ సాయంత్రం నమాజు వేళకు వేసేవాడు. ఆ భవనంలో అందరికీ తెలిసిన సంగతే అది. అక్కకూ తెలుసు. భోజనాలయ్యాక ఎవరూ లిఫ్టు ఎక్కరు కదా అని ఆ వేళను ఎంచుకుంది, ఆయన వచ్చి ఆపేలోపు పని అయిపోతుందనుకుంది. కప్ప మీద ధ్యాసలో పడి పొద్దు చూసుకోలేదు.

చీకటి పూర్తిగా లేదు. మూడో అంతస్తు తలుపు పైభాగం మా కాళ్ళ దగ్గర కనిపిస్తోంది. దాని అద్దంలోంచి నీళ్ళలాంటి వెలుతురు కొంచెం లోపలికి వస్తోంది. అక్క బొత్తాలన్నీ నొక్కింది. ఇనుప తలుపును కాలితో తన్నింది. లిఫ్టు సరిగ్గా అంతస్తు దగ్గర ఉంటే తప్ప అది తెరుచుకోదు. గాలి లేదు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. నేను "అమ్మా" అని గట్టిగా పిలిచాను.

అక్క నా నోరు మూసింది.

"అరవకే. మీ అమ్మ ఇంటే మెట్ల మీద పరిగెట్టుకుంటా వచ్చేత్తాది. ఆ చీకట్లో, ఆ కడుపుతో పడితే?"

ఆ మాటతో నా భయం రెండింతలైంది. అరిస్తే అమ్మ పడుతుంది. అరవకపోతే ఇక్కడే ఉండిపోతాం. అప్పుడే మరొకటి గమనించాను. నా నోటి మీద ఉన్న ఆమె చెయ్యి వణుకుతోంది. చేతిలోని కుంచె పక్కనున్న ఇనుప రేకుకు టకటక కొట్టుకుంటోంది. చిన్నపిల్లలకు చీకటి కంటే, మూసుకున్న తలుపు కంటే భయంకరమైనది ఒకటుంది. పక్కనున్న పెద్దవాళ్ళు భయపడడం. ఆ రోజు ఆ లిఫ్టులో నాకు అది తెలిసింది.

"నీకూ భయమా?" అని గుసగుసగా అడిగాను.

అక్క నేల మీద చతికిలబడింది.

"ఈ లిఫ్టంటేనా? ఇదంటే భయమే. ఆయన లేకుండా ఇవాళే ఎక్కాను. విమానమన్నా భయమే. ఆయన వచ్చే బస్సు కొంచెం ఆలీసమైనా భయమే. వచ్చిన కాడ్నించీ నా చెయ్యి ఇలాగే ఉంటాది. చూడు."

ఆ వెలుతురులో చెయ్యి చాచి చూపించింది. వేళ్ళు నిజంగానే ఆగడం లేదు.

"మరి బొమ్మలెట్లా వేస్తావు?"

"అందుకే కదే కప్ప. ముందు నెమలి ఏద్దామని చూశాను, మెడ వంకర్లు పోయింది. మనిషి మొహమేత్తే జొరమొచ్చినట్టొచ్చింది. కప్పకి గీత వణికితే ఏమవుద్ది? దాని ఒళ్ళే గరుకు. ఎంత వణికితే అంత కప్పలా ఉంటాది."

చెప్పి తనే నవ్వింది. పెద్దగా కాదు, ముక్కుతో. తరవాత కుంచె నా చేతిలో పెట్టింది. "దీనికి కాళ్ళు లేవు. పాపం ఎక్కడికీ ఎల్లలేదు. ఏసెయ్యి."

నేను అంతకుముందు కుంచె పట్టుకోలేదు. గోడ దగ్గరికి జరగాలంటే ఆ సందు దగ్గరికి వెళ్ళాలి. అక్క నా గౌను వెనకనుంచి గుప్పిట్లో పట్టుకుంది. నేను మోకాళ్ళ మీద ముందుకు పాకి, ఒక చెయ్యి వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో కుంచెను గోడకు తాకించాను. చెయ్యి వణికింది. గీత బొడిపెలు బొడిపెలుగా వచ్చింది. వెనక్కి తగ్గి చూస్తే, అది నిజంగా కప్ప కాలు. అక్క "అద్గదీ" అంది. ఇంకో కాలు వేశాను. ఆ కాలు వేస్తున్నంతసేపూ భయం ఎక్కడికీ పోలేదు, నా చేతిలోనే ఉంది. కానీ దానికి ఒక పని దొరికింది.

అప్పుడు పైన తలుపు తెరిచిన చప్పుడైంది. అమ్మ నిద్ర లేచింది. పక్కింటి తలుపు తట్టింది. నా పేరు పిలిచింది. మళ్ళీ పిలిచింది, ఈసారి గొంతు మారింది. మెట్ల మీద చెప్పుల అడుగులు మొదలయ్యాయి.

అక్క నా చెవిలో, "నువ్వే చెప్పు. నా గొంతు ఇంటే కంగారుపడిపోద్ది" అంది.

భయం లేనట్టు మాట్లాడాలి. అమ్మను ఆపాలంటే అదొక్కటే దారి. నేను కుంచె గోడకు ఆనించే ఉంచి, ఆకుపచ్చ కాలినే చూస్తూ, "అమ్మా, నేనిక్కడ. కప్ప బొమ్మ వేస్తున్నా" అన్నాను.

అడుగులు ఆగాయి.

"ఎక్కడ?"

"లిఫ్టులో."

"నువ్వా?"

"ఆఁ. అక్క కూడా ఉంది. ఇది ఆగిపోయింది. నువ్వు రాకు, నాకు రెండు కాళ్ళు వెయ్యాలింకా."

అమ్మ మెట్టు మీదే కూర్చున్నట్టుంది, గాజులు గోడకు తగిలాయి. అక్క అప్పుడు గొంతు సవరించుకుని, "పిన్నిగారూ, దిగకండాయ్. బాల్కనీలోకెళ్ళి హారిస్‌ని ఓ కేకెయ్యండి" అంది. అమ్మ మెల్లగా వెనక్కి నడిచి వెళ్ళిన చప్పుడు విని అక్క తల వెనక్కి వాల్చింది.

ఆ తర్వాత గడిచిన సమయమే అన్నిటికంటే పొడుగైనది. ఊపిరి వేడిగా తగులుతోంది. ఏ క్షణమైనా ఇది తెగి కిందికి పడిపోతుందేమోనని ఇద్దరమూ అనుకుంటున్నాం, ఇద్దరమూ పైకి అనలేదు. నేను చివరి కాలూ వేసేసి, నోరు దిద్దుతూ ఉన్నాను. బల్బు వెలిగింది. లిఫ్టు ఒక్కసారి ఎగిరిపడినట్టు కదిలి కిందికి దిగింది. గోడకు ఆనించి ఉన్న కుంచె కప్ప నోటి దగ్గరనుంచి ఒక పొడుగాటి గీత లాగేసింది. నేను కెవ్వుమని అక్క ఒళ్ళో పడ్డాను. అక్క కూడా అరిచింది. ఆ అరుపు నాకంటే పెద్దది.

కింద హారిస్ తలుపు లాగి తెరిచాడు. లోపల రంగు పూసుకున్న ఒక ఆడమనిషి, ఒక పిల్ల, చేతుల్లో డబ్బా. అరబ్బీలో తిట్టడం మొదలుపెట్టి, ఏం పాడు చేశారో చూద్దామని మమ్మల్ని ఎక్కించుకునే పైకి బయల్దేరాడు. నేను కాళ్ళు వేసిన కప్ప పైనుంచి దిగివచ్చింది. ఆయన లిఫ్టు ఆపి, దాని పక్కన గోడకు చెయ్యి ఆనించి చూశాడు. తెల్లటి చొక్కా చెయ్యంతా ఆకుపచ్చ అయింది. ఇంక అయిపోయాం అనుకున్నాను. ఆయన తన చొక్కా చెయ్యి చూసుకుని, కప్పను చూసి, గొంతులోంచి బెకబెకమని ఒక శబ్దం చేశాడు. వాళ్ళ ఊళ్ళో కాలవల పక్కన అవి అలాగే అరుస్తాయట. "ఖలాస్, యల్లా", ఇక చాలు పదండి అని మమ్మల్ని ఇంటి దగ్గర దింపేశాడు. మిగతా అంతస్తుల దగ్గర అక్క తర్వాత కప్పలు వేసినప్పుడు లిఫ్టు ఆపి పెట్టింది ఆయనే.

నాన్న ఆ సాయంత్రం వచ్చి, బూట్లు విప్పకుండానే, "మూడో అంతస్తు మీదున్న కప్పకి నాలుకేంటి అంత పొడుగు?" అన్నాడు.

"అది నేను వేసింది" అన్నాను.

"ఎక్కడినుంచి?"

"లోపలినుంచి."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "పొద్దున వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాలే, పిల్ల రావట్లేదని" అని నాన్న కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

గురువారం పొద్దున అమ్మ చెయ్యి పట్టుకుని లిఫ్టులో దిగాను. భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. గోడ పైకి జరగడం మొదలవగానే రెండో చెయ్యి వీపు వెనక దాచుకున్నాను. అప్పుడు కప్ప చేతులెత్తి ఎగిరింది, దాని వెనకే నాలుకది ఎగిరింది. ఆ భవనంలో ఉన్న ఏళ్ళన్నీ నేను భయపడుతూనే ఆ లిఫ్టు ఎక్కాను. భయపడి ఏనాడూ మెట్లెక్కలేదు. తమ్ముడు పుట్టాడు, వాడు మాత్రం ఆ గోడను చూసి కేరింతలు కొట్టేవాడు. అక్క వాళ్ళాయనకు కాంట్రాక్టు అయిపోయి కొన్నాళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ కలవలేదు.

ధైర్యం తెచ్చుకో అని నాకు చాలామంది చెప్పారు. అది ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. అక్క ఆ మాటే ఎత్తలేదు. వణుకుతున్న చేతితో ఏం చేయవచ్చో మాత్రం చూపించింది. నిలకడైన చెయ్యి కావలసిన పనులు నేను తర్వాత చాలా చేశాను, వాటిలో సగం ఇప్పుడు గుర్తు లేవు. కప్పలు మాత్రం వేస్తూనే ఉన్నాను. పిల్లవాడికి జ్వరం తగ్గని రోజుల్లో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని నెలల్లో, నాన్న ఆపరేషన్ గది బయట. చేతికి ఏ కాగితం దొరికితే దాని మీద. నవ్వుతూ వేసినవి చాలా తక్కువ. వేశాక నవ్వు రానిది ఒక్కటీ లేదు.

ఇప్పుడు మళ్ళీ కువైట్‌లోనే, సబా అల్ సలేంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈమధ్య నా కుడిచేతికి వణుకు పట్టుకుంది. భయానికి సంబంధం లేకుండా, అన్నం కలుపుతున్నా, గ్లాసు పట్టుకున్నా వణుకుతుంది. డాక్టరు ఏవో పరీక్షలు రాశారు, ఫలితాలు రేపు చెబుతారట. మా అమ్మాయి రెండు రోజులుగా నా చేతి వంక చూడకుండా మాట్లాడుతోంది. ఇవాళ మధ్యాహ్నం తనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కప్ప వేశాను. అది గొడుగు నెత్తిన పెట్టుకుని, మబ్బు కోసం మెడ సాచి చూస్తోంది. ఒళ్ళంతా బొడిపెలు, ఒక్క గీతా తిన్నగా లేదు. ఇన్నేళ్ళలో నేను వేసినవాటిలో ఇంత మంచి కప్ప లేదు.